కామా, ఫుల్‌స్టాప్, వదినా

"ఊడ్చేటప్పుడు చెత్త ఎక్కడిదని చూస్తామా పిన్నిగారూ? కంటికి చెత్తే కనిపిస్తుంది. నేనూ అలాగే చేశాను," అంది మరదలు పిల్ల.

ఆరా పిన్నికి ఆ మాట తలకెక్కడానికి కాసేపు పట్టింది. పాతికేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివు పనిలో ఉన్న మనిషి ఆవిడ. ఆఫీసు బోర్డు మీద పేరేదో ఉందిగానీ, పొద్దస్తమానం ఆరాలు తీస్తుంది కాబట్టి జనం పెట్టిన పేరే స్థిరపడింది. ఇన్నేళ్ళలో నున్నగా అల్లిన అబద్ధాలు చాలా విన్నది. నిజాన్ని ఇంత నమ్మబుద్ధి కాకుండా చెప్పినవాళ్ళు మాత్రం తక్కువ.

తప్పిపోయింది టైపు టీచర్. ఒకప్పుడు ఈ గదిలోనే టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. మిషన్ల కాలం పోయాక, జనానికి కావలసిన అద్దె ఒప్పందాలు, దరఖాస్తులు, వాంగ్మూలాలు ఆన్‌లైన్‌లో తయారుచేసి వాళ్ళ ఫోన్లకే పంపించే షాపు పెట్టింది. ఆరునెలల కిందట కుడి మణికట్టు వాచి కీబోర్డు ముట్టలేని స్థితికి వచ్చింది. అప్పటినుంచి ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెబుతుంది, ఫోను రాసుకుంటుంది. రాసిన ప్రతి అక్షరమూ అదే క్షణంలో మరదలి ఫోనులో కూడా కనిపిస్తుంది. మరదలంటే టీచర్ సొంత తమ్ముడి భార్య. తమ్ముడు మందుల కంపెనీ పనిమీద నెలలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. షాపు నడిపేది ఈ వదినా మరదళ్ళే.

చిక్కల్లా ఆ ఫోనుతోనే. దానికి తెలుగు వచ్చుగానీ చుక్కలు రావు. టీచర్ పాత అలవాటుకొద్దీ "కామా" అంటే కామా అని, "ఫుల్‌స్టాప్" అంటే ఫుల్‌స్టాప్ అని అక్షరాలా రాసి కూర్చుంటుంది. పైగా చెవుడు. అద్దె అంటే అద్దం అని రాస్తుంది. ఒకాయన రెండు గదుల అద్దం నెలనెలా ఠంచనుగా చెల్లిస్తానని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు కూడా. మధ్యలో ఎవరితోనైనా ఒక మాట అంటే అదీ ఎక్కేస్తుంది. ఆ కామాల్నీ, అడ్డం పడిన మాటల్నీ ఏరి, చుక్కలు పెట్టడం మరదలి పని. ఇంట్లో ఉన్నా, బస్సులో ఉన్నా, కూర కలుపుతున్నా సరే, ఫోను టింగుమంటే వేలు దానంతటదే వెళ్ళి ఏరేస్తుంది.

నిన్న మధ్యాహ్నం రెండేళ్ళ పిల్లకి జ్వరమని మరదలు షాపుకి రాలేదు. మూడింటి ప్రాంతంలో ఫోను టింగుమంది. పిల్ల ఒళ్ళో ఉంది, తడిగుడ్డ చేతిలో ఉంది. ఎవరిదో కాగితం అనుకుని ఏరవలసినవి ఏరి పక్కన పెట్టేసింది. అందులో ఏముందో చదవలేదు. కాసేపటికి అదే కాగితం టీచర్ ఫోను నుంచి టీచర్ భర్తకీ, తమ్ముడికీ వెళ్ళింది. వెంటనే ఆ ఫోను ఆగిపోయింది. కాగితంలో ఉన్నది రెండే ముక్కలు: "నేను నా ఇష్టంతోనే వెళ్తున్నాను. నా కోసం ఎవరూ వెతకొద్దు."

ఇప్పుడా రెండు ముక్కలకూ చుక్కలు పెట్టింది తనే అని మరదలు అంటోంది. భుజం మీద నిద్రపోతున్న పిల్ల వీపు నిమురుతూ, తప్పు చేశానో లేదో తనకే తెలియనట్టు చూస్తోంది.

"చదవకుండా ఎలా దిద్దావమ్మా?" అని మళ్ళీ అడిగింది ఆరా పిన్ని.

"చదివితే దిద్దలేను పిన్నిగారూ. ఒక్కొక్కళ్ళ కాగితాల్లో ఏమేముంటాయో మీకు తెలీదు. అవన్నీ మనసుకి పట్టించుకుంటే ఇంటికెళ్ళి అన్నం తినలేం. వదినే చెప్పింది, కామాలు చూడు, కష్టాలు చూడకు అని."

ఆ మాట టీచర్‌దేనని ఆరా పిన్నికి తోచింది. కానీ కోర్టులో ఎవరు నమ్ముతారు?

ఆ ప్రశ్నకి జవాబన్నట్టు ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. పోలీసు స్టేషన్లో ఆయన మాటకి తిరుగులేదు. ఆరా పిన్నికి మాత్రం ఆయన తన భర్త స్వయానా తమ్ముడు, కూరలో ఉప్పు తగ్గినా నోరు విప్పని మరిది.

"వదినా, నువ్వు ముందే వచ్చేశావా? మా డిపార్ట్‌మెంటుకి జీతాలెందుకో," అన్నాడు.

"జీతం సంగతి తరవాత. నిన్న మధ్యాహ్నం భోజనానికి వస్తానని చెప్పి ఏమైపోయావు? మీ అన్నయ్య సాయంత్రం దాకా నీ కంచం మీద మూత తియ్యనివ్వలేదు."

"డ్యూటీ వదినా. ఆకలి కూడా గుర్తులేదు," అని నవ్వేసి, మరదలి వైపు తిరిగాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆయన లెక్క తేలికగా ఉంది. కాగితంలో ఎవరు ఎప్పుడు చెయ్యి పెట్టారో టైములతో సహా అచ్చు వేయించి తెచ్చాడు. భర్తకి కాగితం అందకముందే ఈ పిల్ల దాన్ని తెరిచింది, మార్చింది. అంటే తనే రాసింది. రాసింది కాబట్టి ఆడబిడ్డని ఏదో చేసింది. షాపు వచ్చేది ఎవరికి? వీళ్ళకే కదా. సాయంత్రం లోపల స్టేషన్‌కి తీసుకెళ్తాననీ, పిల్లని ఎవరికైనా అప్పగించి రమ్మనీ చెప్పాడు.

మరదలి చెయ్యి పిల్ల వీపు మీద ఆగిపోయింది.

"జ్వరంతో ఉన్న పిల్లని ఎవరికి అప్పగిస్తుందిరా?" అంది ఆరా పిన్ని. డ్యూటీలో ఉన్నప్పుడు ఆయన్ని 'రా' అనకూడదన్న ఒప్పందం ఇద్దరి మధ్యా ఉంది. కోపంలో మరిచిపోయింది.

"చుట్టరికం ఇంటి దగ్గర వదినా. ఇక్కడ కాదు. వేరే కేసైతే ఎస్సై మొహాన పడేసి ఊరుకునేవాణ్ణి. టీచరమ్మ కాబట్టి నేనే చూస్తున్నా. ఎంత పెద్దవాళ్ళొచ్చినా సార్ అనే మనిషి, నన్ను ఒక్కణ్ణే నోరారా అన్నా అని పిలిచేది. మా స్టేషన్ వాంగ్మూలాలన్నీ ఆవిడ చేతి మీదే వెళ్ళాయి. అలాంటి మనిషికి ఇలా జరిగితే నా కడుపు మండదా?"

నిజంగానే ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా నిద్ర లేనట్టు. ఆరా పిన్నికి జాలేసింది. ఇంకో మాట అనకుండా గది చూడటంలో పడింది.

చూసిన కొద్దీ అయోమయం పెరిగిందేగాని తగ్గలేదు. గదికి అడ్డంగా చెక్క కౌంటరు ఉంది. దాని చివర పైకెత్తే పలక. బయటివాళ్ళెవరూ ఆ పలక దాటి రాకూడదని టీచర్ పట్టుదల. లోపల టీచర్ కుర్చీ, పక్కన మెత్త వేసిన పొట్టి స్టూలు. స్టూలు మరదలిది, నడుము నొప్పని మెత్త తనే కుట్టుకుంది. ఆ రెండూ కాక లోపల ఒక ఇనప కుర్చీ ఉంది. అది బయట కస్టమర్లు కూర్చునేది. ఎవరో దాన్ని లోపలికి తెచ్చి టీచర్ కుర్చీకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేశారు. అంటే టీచర్ రానిచ్చిన మనిషి, కాదనలేని మనిషి. తమ్ముడు ఊళ్ళో లేడు. భర్త కాదు. ఆయన నిన్న స్కూలు వదిలేదాకా లెక్కల క్లాసులోనే ఉన్నట్టు పిల్లలందరూ సాక్ష్యం.

బల్ల మీద, ఫోను నిలబెట్టే స్టాండు పక్కన, మణికట్టుకి చుట్టుకునే సాగే కట్టు ఉంది. చుట్ట చుట్టి లేదు, పాము కుబుసంలా వదిలేసి ఉంది. టీచర్ అది లేకుండా మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేదని భర్త లెక్కల మాస్టారు అప్పటికే రెండుసార్లు చెప్పాడు. ఆయన పాపం ఏం చెయ్యాలో తోచక, పక్కనున్న కొట్టు నుంచి టీలు తెస్తూ, ఖాళీ గ్లాసులు తిరిగి ఇచ్చొస్తూ, అదే పనిగా తిరుగుతున్నాడు.

"ఇష్టపడి వెళ్ళే మనిషి కట్టు వదిలేసి పోతుందా?" అంది ఆరా పిన్ని.

"కొత్తది కొనుక్కుంటుంది. కట్టు కోసం ఆగిపోయే ప్రయాణాలుంటాయా?"

"ఇందాకేగా ఈ పిల్ల ఏదో చేసిందన్నావు? ఇప్పుడు ప్రయాణమంటావేం? ఒక మాట మీద నిలబడు మరిదిగారూ."

ఇన్‌స్పెక్టరు మరదలి చేతిలో ఫోను సాక్ష్యమనీ, తను తీసుకుంటాననీ చెయ్యి చాపాడు. ఆ పిల్ల భయపడి ఇవ్వబోతూ, ఆగి, "చెరిపినవి కూడా కావాలా సార్?" అని అడిగింది.

"చెరిపినవి చెరిగిపోవా?" అంది ఆరా పిన్ని.

పోవట. కాగితానికి ఎన్ని రూపాలున్నాయో అన్నీ లోపలే ఉంటాయట. పైన కనిపించేది చివరిది. వెనక్కి జరిపితే దిద్దకముందు ఎలా ఉందో అలాగే వస్తుందట. తెల్లచీర ఉతికాక కూడా మరక ఎక్కడుండేదో చీర గుర్తు పెట్టుకున్నట్టు, అనుకుంది ఆరా పిన్ని. ఈ సంగతి ఆ పిల్ల పొద్దున్నే ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదట. ఏం చెరిపానో గుర్తులేదంది. రోజుకి వంద చెరుపుతాను, గుర్తుంటాయా అంది.

ఇన్‌స్పెక్టరు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

మరదలు ఒక చేత్తో పిల్లని సర్దుకుంటూ, బొటనవేలితో వెనక్కి జరిపింది. ముగ్గురూ తెర మీదికి వంగారు.

"నేను నా ఇష్టంతోనే వెళ్తున్నాను ఫుల్ స్టాప్ నా కోసం ఎవరూ వెతకొద్దు వదినా వదినా ఫుల్ స్టాప్"

ఫుల్‌స్టాప్ అని పలికింది కాబట్టి చెప్పింది టీచరే. అంతవరకు తేలింది. కానీ ఆ తరువాతి మాట?

ఇన్‌స్పెక్టరు మొహం తేటపడింది. "చూశావా వదినా? ఆవిణ్ణి వదినా అని పిలిచేది ఈ లోకంలో ఎవరు? ఈ అమ్మాయి ఒక్కతే. ఇంట్లో ఉన్నానంటోంది. మరి ఆ టైముకి ఈ గదిలో నిలబడి వదినా వదినా అని పిలిచిందెవరు?"

మరదలు పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "నేను రాలేదు సార్," అన్న మాటలో బలం లేదు. తనే వచ్చి మరిచిపోయానేమోనని అనుమానం వచ్చినదానిలా ఉంది.

ఆరా పిన్ని తల తిరిగిపోయింది. పిల్ల అబద్ధం చెబుతోందా? అబద్ధమాడేదైతే తన మెడకి చుట్టుకునే మాటని తనే తవ్వి చూపిస్తుందా? కామాలు ఏరే మనిషికి ఆ మాత్రం తెలివి లేకపోతుందా? పోనీ, తెలివి ఎక్కువై చూపించిందా? ఎటు లాగినా ముడి బిగుసుకుంటోంది.

పది నిమిషాలు ఆగమని మరిదిని బతిమాలింది. అన్నయ్య మీద ఒట్టు పెట్టింది. ఆయన విసుక్కుంటూ గడప దాటి, సిగరెట్టు వెలిగించుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

"నాకు ఇది ఎలా వింటుందో చూపించమ్మా," అంది ఆరా పిన్ని.

మరదలు కొత్త కాగితం తెరిచి, మైకు గుర్తు నొక్కి ఇచ్చింది. ఆరా పిన్ని నోటి దగ్గర పెట్టుకుని "నమస్కారం" అంది. నమస్కారం అని వచ్చింది. మరదల్ని గుమ్మం దాకా పంపి, "వదినా" అని పిలిపించింది. ఏమీ పడలేదు. కౌంటరు అవతల నిలబెట్టి పిలిపించింది. పడలేదు. గట్టిగా అరిపించింది. పిల్ల నిద్రలో ఉలిక్కిపడింది గానీ ఫోను చలించలేదు. ఇనప కుర్చీలో కూర్చోబెట్టి పిలిపించినా, నాలుగుసార్లలో ఒక్కసారి కూడా ఎక్కలేదు. నోటికి ఆనించి మాట్లాడే మనిషి గొంతునే అది వింటోంది.

అంటే వదినా అన్నది కూడా టీచరే. ఎవర్ని? భర్తకి అక్కలు లేరు. తనకి అన్నలు లేరు. వదిన అనడానికి ఆవిడకి మనిషే లేదు. తెలిసింది కాస్తా మళ్ళీ తెలియకుండా పోయింది.

అంతలో లెక్కల మాస్టారు ఇంకో టీ పట్టుకొచ్చాడు. వద్దంది ఆరా పిన్ని. ఒక గుక్క తాగమన్నాడు. వద్దంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు, కనీసం ఇదైనా అంటూ గ్లాసు చేతికి ఆనించాడు.

"వద్దన్నా వినరేమండీ మీరు!" అని నోటి దగ్గరున్న ఫోను దించకుండానే కసురుకుంది. ఆ వెంటనే సిగ్గుపడింది. భార్య కనపడక చేతులు ఊరుకోలేని మనిషిని కసురుకోవడమేమిటి? గ్లాసు అందుకుంది. ఆయన ఖాళీ గ్లాసులు తీసుకుని తల వంచుకుని మళ్ళీ కొట్టు వైపు వెళ్ళిపోయాడు.

టీ బల్ల మీద పెడుతూ తెర వైపు చూసింది. మైకు ఇంకా ఆగలేదు. చివరి వరుస ఇలా ఉంది.

"వదినా వినరు ఏమండీ మీరు"

ఆరా పిన్ని ఆ అక్షరాల్ని ఒకటికి రెండుసార్లు చదివింది. గొంతు తగ్గించి, ఫోను దగ్గరగా పెట్టుకుని, "వద్దన్నా," అంది.

వదినా, అని రాసింది ఫోను.

అద్దె అంటే అద్దం అనే చెవిటి ఫోను. ఆవిడ ఎవర్నీ వదినా అని పిలవలేదు. వద్దన్నా అంది. కానీ ఏ వద్దన్నా? తను ఇందాక అన్నది 'వద్దని చెప్పినా' అని. దాని వెనక ఇంకో మాట ఉండి తీరాలి. వద్దన్నా వినరు, వద్దన్నా వచ్చారు. కాగితంలో ఆ మాట తరువాత ఏమీ లేదు. మళ్ళీ అదే మాట. వద్దన్నా, వద్దన్నా. ఆ తరువాత ఫుల్‌స్టాప్. అలా ఆగిపోయే మాట ఒకటే ఉంది. వద్దు, అన్నా.

ఎదురుగా మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్న మనిషిని బతిమాలిన మాట అది.

"మీ వదిన అన్నా అని ఎవర్ని పిలుస్తుందమ్మా?" అని గుసగుసగా అడిగింది.

"ఎవర్నీ అనదు పిన్నిగారూ. తమ్ముడి వయసువాళ్ళని కూడా సార్ అనే..."

మాట మధ్యలో ఆగింది. మరదలి చూపు గుమ్మం వైపు మళ్ళింది. ఆ చూపు వెంట ఆరా పిన్ని చూడలేదు. చూడాలంటే భయం వేసింది. "వారం నుంచి స్టేషన్ పనులు మనకొద్దు అంటోంది వదిన," అంది ఆ పిల్ల ఇంకా చిన్న గొంతుతో. "ఏదో వాంగ్మూలంలో తేదీ మార్చమన్నారట. పాత తేదీ లోపలే ఉండిపోతుంది, నేను మార్చినా అది మారదు అని చెప్పిందట. ఎవరు అడిగారో నాకు చెప్పలేదు."

ఆరా పిన్ని మెదడు మొరాయించింది. తన చేతి వంట తిని పెరిగిన మనిషి. తను పెళ్ళయి వచ్చిన కొత్తలో వాడు లెక్కలు రాక ఏడుస్తుంటే పక్కన కూర్చుని చెప్పింది. వాడు కాదు. ఇంకెవరో అన్న ఉంటాడు. ప్రపంచంలో అన్నలకి కొదవా? అలా ఒక్కొక్కటే తోసేస్తుంటే, తోసిన ప్రతిదీ తిరిగొచ్చి కూర్చుంది. నిన్న మూత తియ్యని కంచం. ఎర్రబడ్డ కళ్ళు. 'చెరిపినవి' అనగానే మెడ తుడుచుకున్న రుమాలు. వీటన్నిటికంటే ముందు, వినీ విననట్టు వదిలేసిన ఒక్క మాట. నన్ను ఒక్కణ్ణే అన్నా అని పిలిచేది, అన్నాడు.

పిలుస్తుంది అనలేదు.

"వదినా, అయిందా? ఇక ఆ ఫోన్ ఇటివ్వు."

గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. చేతిలో సిగరెట్టు లేదు. గొంతు ఎప్పటిలాగే ఉంది, పండగపూట ఇంకో ముద్ద వడ్డించమని అడిగే గొంతు. అదే ఆవిణ్ణి ఇంకా గందరగోళపరిచింది.

"ఇస్తాను. ఒక్క నిమిషం. కళ్ళజోడు సర్దుకోనీ," అంది ఆరా పిన్ని.

సర్దుకోవలసిందేమీ లేదు. ఆవిడ బొటనవేలు షేర్ గుర్తు మీద ఉంది. కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే. ఈ మరిది జీవితంలో ఎదురు చెప్పని ఒకే ఒక్క మనిషిది. నంబరు కొట్టి, కాగితం పాత రూపంతో సహా తెరుచుకునేలా మరదలు వేలు పెట్టి చూపిస్తే, నొక్కింది. వెళ్ళింది. ఇది ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ అన్న సంగతి ఆ తరువాత గుర్తొచ్చింది.

"ఎవరికి పంపావు?"

"మీ అన్నయ్యకి."

ఇన్‌స్పెక్టరు గడప దాటి లోపలికి వచ్చాడు. కౌంటరు చివరి పలకని, ఎక్కడ గడియ ఉందో వెతుక్కోకుండా, అలవాటైన చేతితో ఎత్తాడు. మళ్ళీ ఏదో తోచినట్టు వెనక్కి వెళ్ళి, రోడ్డుకి అటూ ఇటూ చూసి, రెండు చేతులూ పైకెత్తాడు.

మరదలు పిల్లని గుండెకి అదుముకుంది. పంపిన కాగితం మీదే మైకు గుర్తు నొక్కి, ఆరా పిన్ని ఫోనుని నోటికి ఆనించుకుంది. గుర్తు వెలిగింది.

"షట్టరు ఎందుకు దించుతున్నావురా? వద్దు," అంది.

ఆ మాటని ఫోను తప్పు లేకుండా రాసుకుంది. షట్టరు నేలకి తగిలిన చప్పుడు మాత్రం దానికి వినపడలేదు.